మణికట్టు మీద పోగు

ఉబేద్‌కి ఫోటో తీయడం వచ్చు. తీసింది ఎక్కడ తీశాడో గుర్తుపెట్టుకోవడం మాత్రం చచ్చినా రాదు. తిరుపతి బస్టాండు పక్క సందులో అతనికి చిన్న స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు, గుండు కొట్టించుకున్న పిల్లల ఫోటోలు, పెళ్ళిచూపులకు పంపే ఫోటోలు, ఇవీ అతనికి అన్నం పెట్టేవి. వాటిమీద మోజు లేదు. మోజంతా రోజుకొక ఫోటో మీదే. షట్టర్ ఎత్తడానికి పోతూనో, టీకి పోతూనో ఫోనుతో ఏదో ఒకటి తీస్తాడు. ఆటో అద్దంలో కొండ, ఇడ్లీ బండి ఆవిరి, గోడ మీద కాకి. సాయంత్రానికి స్టేటస్‌లో పెట్టి, ఎవరెవరు చూశారో గంటకోసారి చూసుకుంటాడు.

ఇలాంటి పిచ్చోళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. అందరూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, నెలకొక అంశం ఇచ్చుకుని పోటీ పడతారు. ఆ నెల అంశం దారం. అంతే, ఉబేద్ కంటికి లోకంలో దారం తప్ప ఇంకేమీ ఆనలేదు. టైలరు పంటితో దారం కొరికితే ఫోటో. కరెంటు తీగకు గాలిపటం చిక్కుకుంటే ఫోటో. ఆటో ముందర నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన దారం, చంటోడి మొలతాడు, కొండ దిగి వచ్చే భక్తుల చేతి దారాలు, అన్నీ ఫోటోలే. ఫోను నిండిపోయి, ఇంక నావల్ల కాదని మొరాయించింది.

అన్నిట్లోకీ ఒకటి అతనికి తెగ నచ్చింది. ఒక ఆడమనిషి చెయ్యి. గాజుల్లేని మణికట్టు. దాని చుట్టూ ఒంటి పోగు, ఆవగింజంత ముడి. వెనక అంతా చీకటి. దాన్ని దగ్గరికి కత్తిరించి, రంగు తీసేసి నలుపు తెలుపు చేసి గ్రూపుకు పంపాడు. ఫోనులో చోటు లేదని మిగతావన్నీ తుడిచేశాడు. బంగారం లాంటి పని చేశాడు కదా! ఆ ఫోటోకే మొదటి బహుమతి వచ్చింది. మురిసిపోయి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి స్టూడియో అద్దంలో రోడ్డు మీదికి కనబడేటట్టు వేలాడదీశాడు.

వేలాడదీసిన కొన్నాళ్ళకే ఒక ముసలాయన వచ్చి అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డ సంచి. ఫోటో తీయించుకోడానికేమోనని ఉబేద్ లైట్లు కూడా వేశాడు. ఆయన లోపలికి వచ్చి కూర్చోలేదు.

"సాయిబూ, ఈ సెయ్యి యాడిది?"

"ఏ చెయ్యి పెద్దాయనా?"

"అద్దంలో యాలాడేసినావే, ఆ సెయ్యి."

"అదా! దానికి ప్రైజొచ్చింది."

"ప్రైజు ఎవురికి కావల్ల అబ్బా? ఈ బిడ్డ యాడుండాదో సెప్పు. ఇది నా బిడ్డ కట్టిన ముడి."

ఉబేద్ రెండడుగులు వెనక్కి వేశాడు. అడక్కుండా ఆడవాళ్ళ ఫోటో తీసినందుకు తండ్రి తగువుకొచ్చాడు, వెనకే పోలీసులు వస్తారు అనుకున్నాడు. "ముఖం తీయలేదు పెద్దాయనా, అల్లా తోడు, ఒట్టి చెయ్యే కదా, ఇప్పుడే దించేస్తా," అని స్టూలెక్కబోయాడు. ముసలాయన అతని చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"దించొద్దు. దించితే నాకేం మిగుల్తాది? యాడ తీసినావో అది సెప్పు సాలు."

అక్కడే వచ్చింది చిక్కంతా. ఎక్కడ తీశాడు? పూల అంగళ్ళ దగ్గరా? రైలు స్టేషనులోనా? దర్శనం క్యూలోనా? ఉబేద్ తల గోక్కున్నాడు, ఫోను తిరగేశాడు, కంప్యూటరు తిరగేశాడు. కత్తిరించిన ముక్క తప్ప ఏమీ లేదు. "గుర్తు లేదు పెద్దాయనా," అంటే ఆయన నమ్మలేదు. ఫోటో తీసినోడికి తీసిన చోటు తెలీకుండా ఎలా ఉంటుందని ఆయన వాదన. న్యాయమే మరి. ఉబేద్‌ని ఎరిగినవాళ్ళయితే నమ్మేవాళ్ళు.

ఆయన పేరు మునెయ్య. వడమాలపేట పక్కన పల్లె, నేతపని. కూతురు అమల. టీ తాగించి కూర్చోబెడితే కథ చెప్పుకొచ్చాడు. అమల మొగుడితో పొసగక పుట్టింటికి వచ్చేసింది. వచ్చి ఊరికే కూర్చోలేదు, తాత మగ్గం దులిపి నేత పట్టింది. ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలన్నారు. మునెయ్యకు తల కొట్టేసినట్టయింది. ఒకరోజు అమల చుట్టాలింటి పెళ్ళికి పోయి వచ్చేసరికి ఇంట్లో మగ్గం లేదు.

"అమ్మేస్తి సాయిబూ. మగ్గం లేకపోతే మొగుడికాడికి పోతాది, కాపురం బాగుపడతాది అనుకుంటి. నా తెలివి తెల్లారినట్టే ఉండాది. 'మగ్గం కాదు నాయనా, నన్ను అమ్మినావు' అనింది. అంతే, పోయింది. మొగుడికాడికీ పోలే. ఫోను నంబరు మార్చేసింది. ఉండాదో పోయిందో కూడా తెలీదు నాకు."

"మరి చెయ్యి చూసి ఎలా పోల్చావు?"

"సెయ్యి కాదబ్బా, ముడి. పడుగులో పోగు తెగితే అతికే ముడి ఇది. నేతోళ్ళు అందురూ ఏస్తారు. కుడిసేత్తో ఏస్తే కొసలు ఈ పక్కకి పడతాయి. నా బిడ్డది ఎడం సెయ్యి. దానికి ఆ పక్కకి పడతాయి. సిన్నప్పుడు మొట్టికాయలేసినా మారలే."

ఉబేద్‌కి అసలే అయోమయం, ఇప్పుడు ఇంకో అయోమయం తోడైంది. ఫోటోలో కనబడేది ఎడమ మణికట్టు. ఎడమచేతి మనిషి తన ఎడమ మణికట్టుకే ముడి ఎలా వేసుకుంటుంది? ముసలాయన తువ్వాలులోంచి ఒక దారం లాగి, తన మణికట్టు మీద చుట్టి ప్రయత్నించి చూశాడు. మునెయ్య కూడా చూశాడు. ఇద్దరూ కాసేపు తమ తమ చేతులతో కుస్తీ పట్టారు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన ఆవిడ వాకిట్లోంచే వెనక్కి పోయింది.

"ఫోను ఫోటోని కుడి ఎడమలు తిరగేసి తీసిందేమో," అన్నాడు ఉబేద్.

"తిరగేస్తే ముడీ తిరగబడతాది గదా? అప్పుడు నా బిడ్డది కాదు గదా?" అన్నాడు మునెయ్య.

ఆ మర్నాడు ఇద్దరూ కలిసి ఊరు తిరిగారు. స్టూడియో మూసేసి, ఎవరికో పుట్టిన సమస్య నెత్తికెత్తుకున్న ఉబేద్‌ని ఏమనాలో వాళ్ళ అబ్బాజానుకే తెలియాలి. ఉబేద్‌కి ఆ ముసలాయన మీద జాలి ఒక పక్క, తన మతిమరుపు మీద సిగ్గు ఒక పక్క. పూల అంగళ్ళ దగ్గర రాఘవమ్మ అనే ఆమె ఫోటో చూడగానే, "ఇది నా సెయ్యే! పొయిన నెల ఒక సాయిబు వచ్చి తీసుకోని పోయినాడు. నువ్వే గదా?" అని ఎగిరి గంతేసింది. ఉబేద్ ప్రాణం లేచి వచ్చింది. మునెయ్య ముఖం మాత్రం పాలిపోయింది. ఆమె చేతికి గాజులున్నాయి, మాల కడుతున్న దారానికి ఆమె వేసే ముడి మెలిక ముడి. మునెయ్య ఆమె వేళ్ళవైపే కాసేపు చూసి, "కాదమ్మా. నీ సెయ్యి సల్లగుండ, ఇది కాదు," అని తిరుక్కున్నాడు.

"కాదంటే ఎట్ల? నా సెయ్యి నాకు తెలీదా?" అని రాఘవమ్మ వెనకనుంచి తగువు పెట్టుకుంటూనే ఉంది.

స్టేషను దగ్గర టీ అంగడివాడు ఇది క్యూలో తీసిందన్నాడు. అక్కడికి పోతే ఇంకెవరో ఇది అలిపిరి మెట్ల దగ్గర తీసిందన్నారు. అడిగిన ప్రతివాడికీ తెలుసు, తీసినవాడికి తప్ప. సాయంత్రానికి ఉబేద్‌కి తాను అసలా ఫోటో తీశాడా అనే అనుమానం పట్టుకుంది. మునెయ్య బస్సెక్కుతూ, "రేపూ వస్తా సాయిబూ. నీకు రవంత గుర్తొస్తాదేమో," అన్నాడు. ఆ మాటకు ఉబేద్‌కి ఏడుపొక్కటే తక్కువ.

ఇంటికి పోయి పెళ్ళాం నిలోఫర్‌తో అంతా చెప్పుకున్నాడు. ఆ మొగుడూ పెళ్ళాం మాటలు ఉర్దూలో మొదలుపెడతారు, తగువొస్తే తెలుగులోకి దిగుతారు. ఉర్దూలో మీరు అనే ఆమె తెలుగులోకి రాగానే నువ్వు అంటుంది. ఆ రాత్రి మాత్రం ఏ భాషలోనూ మాట్లాడలేదు. ఫోటో సంగతి ఎత్తినప్పటి నుంచీ తల వంచుకుని రొట్టెలు కాల్చింది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఆయన రేపూ వస్తాడా?"

"వస్తాడు. రోజూ వస్తాడు. నా ప్రాణం తీసేదాకా వస్తాడు."

మర్నాడు మధ్యాహ్నం మునెయ్య అద్దం ముందర నిలబడి ఉండగానే నిలోఫర్ వచ్చింది. అన్నం క్యారియరు తెచ్చిందేమో అనుకున్నాడు ఉబేద్. చేతిలో ఏమీ లేదు. బురఖా ముసుగు వెనక్కి తీసుకుని, నేరుగా ముసలాయన పక్కకు పోయి నిలబడింది. ఎడమచేతి మీది బురఖా గుడ్డ పైకి లాగి, గాజులు మోచేతి దాకా జరిపి, ఆ మణికట్టును అద్దంలోని ఫోటో పక్కన పెట్టింది.

గాజుల కింద లేత ఆకుపచ్చ పోగు ఒకటి, ఆవగింజంత ముడితో అలాగే ఉంది.

ఉబేద్ ఫోటోను చూశాడు, చేతిని చూశాడు, మళ్ళీ ఫోటోను చూశాడు. పెళ్ళయిన నాటినుంచి ఆ చెయ్యి పెట్టిన అన్నం తింటున్నాడు. దారం కనబడగానే ఎవరో హిందువుల ఆవిడ అని తేల్చేసుకున్నాడు, వెనక ఉన్న నల్లటి బురఖాని చీకటి అనుకున్నాడు. మునెయ్యకు మాత్రం ఏ తికమకా లేదు. రెండు చేతులూ చాచి, ముడిని తాకకుండా దగ్గరికి వంగి చూసి, పసిబిడ్డలాగ ఏడ్చేశాడు.

"ఇదే తల్లీ. ఎవురు కట్టినారు నీకు?"

"పెద్దాసుపత్రిలో అమలక్క, తాతా. వార్డులో ఆయాగా చేస్తాది."

"నువ్వు ఆసుపత్రికి ఎందుకు పోయినావు?" అన్నాడు ఉబేద్.

నిలోఫర్ అప్పుడు అతనివైపు తిరిగింది. తెలుగులోకి దిగింది. "రొమ్ములో గడ్డ తగిలింది. మా చిన్నమ్మ కూతురు సబియాని తోడు తీసుకోని పోయినా. సూది పెట్టి తీసి పరీక్షకు పంపాలన్నారు. గాజులు తీసెయ్యమన్నారు. మంచం మీద పడుకోబెడితే సెయ్యి ఒకటే వణుకు. ఆ అమలక్క వచ్చి తన కొంగులో పోగు ఒకటి లాగి ఈడ కట్టింది. 'దీన్నే సూస్తా ఉండు పాపా, ఇది కదలకుండా ఉంటే నువ్వు బాగుండావని లెక్క' అనింది. దాన్నే సూస్తా ఉంటి. సబియా వాళ్ళింటి దావ పట్టింది, నేను ఒక్కదాన్నే బస్సెక్కినా. కడ్డీ పట్టుకోని నిలబడుంటి. వెనక సీట్లో నువ్వుండావు."

"నేనా?"

"నువ్వే. ఫోను ఎత్తి నా సెయ్యే తీసినావు. ఒకసారి కాదు, శానాసార్లు. నేను నిన్ను సూసినా. నువ్వు నన్ను సూళ్ళేదు."

"పిలవొచ్చు కదే!"

"పిలిస్తే యాడికి పోయి వస్తాండావని అడగవా? సెప్తే నువ్వు భయపడి నన్నూ భయపెడతావు. ఫలితం వచ్చినాక సెప్దాములే అనుకుంటి."

"వచ్చిందా?"

"వచ్చింది. ఉత్త కొవ్వు గడ్డే అన్నారు, ఏం కాదంట. నీకు ప్రైజొచ్చిన దినమే వచ్చింది. ఆ దినం నువ్వు స్నేహితులకి బిరియానీ తినిపిస్తా ఉంటివి. సెప్పేదానికి నాకు సందు దొరకలే."

ఉబేద్ సంతోషపడాలా, సిగ్గుపడాలా, కోప్పడాలా, ఏదీ తేల్చుకోలేక ఆ మూడూ ఒకేసారి పడ్డాడు. ఏదో అనబోయాడు. మునెయ్య అప్పటికే రోడ్డు మీదికి పోయి, చెయ్యెత్తి ఆటోని ఆపేశాడు.

ఆటోలో ఉబేద్ పెళ్ళాం చెయ్యిని తన చేతిలోకి తీసుకున్నాడు. ముసలాయన ముందర అలా చేయడం ఆమెకు మొహమాటం, అయినా లాక్కోలేదు.

ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి మునెయ్య దిగి, దిగిన చోటే పాతుకుపోయాడు. రమ్మంటే రాడు.

"నన్ను సూస్తే మళ్ళా యాడికన్నా పోతాది సాయిబూ. బతికుండాదని తెలిసింది. అది సాలు నాకు. నువ్వు పోయి ఒక ఫోటో తీసుకోని రా. సూసుకోని ఎల్లిపోతా."

"ఇంత దూరం వచ్చి ఫోటో ఏంది పెద్దాయనా?"

"నీకు సేతనయ్యేది అదే గదబ్బా!"

ఉబేద్ లోపలికి పోయాడు. నిలోఫర్ అతనికి దోవ చూపించింది. వరండా చివర, ఖాళీ స్ట్రెచరు తుడుస్తూ ఒక ఆడమనిషి ఉంది. ఎడమచేత్తో తుడుస్తోంది. ఎండకు నల్లబడిన ముఖం, గట్టిగా బిగించిన కొప్పు. నిలోఫర్‌ని చూడగానే, "ఏం పాపా, బాగుండావా? మళ్ళా ఏమొచ్చింది?" అని గాబరా పడింది.

ఉబేద్ ఫోను తీశాడు. మామూలుగా అయితే ఈపాటికి పది ఫోటోలు తీసేసేవాడు. ఆ రోజు వేలు ఆడలేదు. "అక్కా, నీ ఫోటో ఒకటి తీసుకోవచ్చా?" అని అడిగాడు. అలా అడగడం అతని జన్మలో అదే మొదలు.

"నా ఫోటో ఎవురికి?"

"మీ నాయనకి. గేటు దగ్గర ఉన్నాడు."

అమల చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. కాసేపటికి స్ట్రెచరు మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది, తుడిచిన చోటే తుడిచింది.

"మగ్గం ఎవురికి అమ్మినాడో అడిగి రా అన్నా," అంది.

ఉబేద్ గేటుకు పరుగెత్తాడు. మునెయ్య తల దించుకున్నాడు. "హోటలోళ్ళకి. వాకిట్లో బొమ్మ మాదిరి పెట్టుకుంటామన్నారు." ఉబేద్ మళ్ళీ లోపలికి పరుగెత్తాడు. ఆ మాట చెప్పాలా, మార్చి చెప్పాలా అని వరండా పొడుగునా కొట్టుకుని, చివరికి ఉన్నదున్నట్టే చెప్పేశాడు.

"బొమ్మ మాదిరా?" అంది అమల. నవ్విందో ఏడ్చిందో ఉబేద్‌కి అర్థం కాలేదు. "బాగుండాది. దానిమీద నేను సగం నేసిన సీర ఉణ్ణింది. దాన్ని కూడా బొమ్మకి కట్టబెట్టినాడేమో అడుగు."

ఉబేద్ మళ్ళీ గేటుకు పోయాడు. మగ్గంలో నాడె అయిపోయింది అతని బతుకు, అటూ ఇటూ. కాపలావాడు, "ఏమయ్యా, నీకేమన్నా పిచ్చా?" అని కూడా అడిగాడు.

చీర మాట వినగానే మునెయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇయ్యలేదని సెప్పు సాయిబూ. కోసి పారెయ్యమన్నారు వాళ్ళు. కత్తెర పట్టుకున్నా. సెయ్యి రాలే. సీరతో పాటు పడుగంతా అట్లనే సుట్టి అటకమీద పెట్టుండా. ఎలకలు కొడతాయని దినామూ ఎక్కి సూస్తాండా. ఒక్క పోగు తెగలేదని సెప్పు. మరిసిపోతావు నువ్వు, మరవద్దు. ఒక్క పోగు."

ఉబేద్ ఆ మాటను పెదాలమీదే పెట్టుకుని వరండా అంతా నడిచాడు. అమల ముందర నిలబడి, "ఒక్క పోగు తెగలేదంట అక్కా. అటకమీద ఉందంట. కోయడానికి చెయ్యి రాలేదంట," అన్నాడు.

అమల గుడ్డ కింద పడేసింది. గోడవైపు తిరిగి నిలబడింది. వీపు మాత్రమే కనబడుతోంది, అది కదులుతోంది. నిలోఫర్ పోయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఏం చేయాలో తోచక ఉబేద్ ఫోనును జేబులో పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

చాలాసేపటికి అమల ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది. "ఫోటో వద్దులే అన్నా. నా డ్యూటీ అయ్యేదానికి ఇంకా పొద్దుండాది. అంతదాకా ఎండలో నిలబడతాడు ఆ మనిషి, ఒంట్లో బాగలేకపోయినా నిలబడతాడు. గేటు పక్కన సెట్టు కింద కూర్సోమని సెప్పు. నేను వస్తా."

ఈసారి ఉబేద్ పరుగెత్తాడంటే అలా ఇలా కాదు. మునెయ్య అతని చేతిలో ఫోను కోసం చూశాడు.

"తీసినావా?"

"తీయలేదు."

"తియ్యనియ్యలేదా?" ముసలాయన ముఖం కుంగిపోయింది.

"చెట్టు కింద కూర్చోమంది."

"ఎవుర్ని?"

"నిన్నే పెద్దాయనా. ఎండలో నిలబడొద్దంట. డ్యూటీ కాగానే వస్తానంది."

మునెయ్య చెట్టువైపు చూశాడు, ఆసుపత్రివైపు చూశాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని, ఉన్నచోటే ఎండలోనే కూలబడ్డాడు. "ఇక్కడ కాదు, నీడలో అంది," అని ఉబేద్ రెక్క పట్టుకుని లేపబోయాడు. ఆయన లేవలేదు.

"ఇంకొకసారి సెప్పు సాయిబూ," అన్నాడు. "నా బిడ్డ ఏమనింది?"